మూలికల సారం రక్తనాళాల పెరుగుదలను ఆపుతోందా, పెంచుతోందా? ల్యాబులో ఎలా తేల్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒక ఔషధ మొక్క ఆకుల నుంచి ఇథనాల్ సారం తీశారు. కోడిగుడ్డు పొర మీద, అంటే క్యామ్ పరీక్షలో, 200 మైక్రోగ్రాముల సారం ఉన్న కాగితపు బిళ్ల పెడితే రెండు రోజుల్లో రక్తనాళాలు తగ్గాయి. అదే సారాన్ని తక్కువ మోతాదులో హువెక్ కణాలకు (బొడ్డుతాడు రక్తనాళం లోపలి గోడ కణాలకు) ఇస్తే, మ్యాట్రిజెల్ అనే ప్రోటీన్ జెల్ మీద అవి అల్లే ట్యూబులు పెరిగాయి. ఏది నమ్మాలి, "ఈ సారం రక్తనాళాల పెరుగుదలను ఆపుతుంది" అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఇప్పుడు చేతిలో ఉన్న ఫలితాలతో అలా రాయకూడదు. అలాగని ఆ రెండు ఫలితాల్లో ఒకటి తప్పయి ఉండాలనీ లేదు. రెండూ నిజమే కావచ్చు. సారంలో ఉన్న మరేదో రెండింటినీ తప్పుదారి పట్టించి కూడా ఉండొచ్చు. అది తేలాలంటే మూడు పనులు మిగిలి ఉన్నాయి. ఆ మోతాదు దగ్గర సారం కణాలను చంపడం లేదని చూపాలి. సారంలో ఎండోటాక్సిన్ (బాక్టీరియా గోడల్లోని విషం), టానిన్ (ప్రోటీన్లను ముద్ద చేసే పదార్థం) లాంటి అడ్డంకులు లేవని చూపాలి. ఆ తర్వాత ఒకే మోతాదు వరుసను కణాల పరీక్షలోనూ, జీవమున్న కణజాలంలోనూ నడిపి రెండూ ఏం చెబుతున్నాయో పోల్చాలి. టెన్షన్ పడకండి, ఇప్పటిదాకా చేసినది వృథా కాదు. వరుస కొంచెం తారుమారైంది, అంతే.

ముందు వైరుధ్యం సంగతి

రక్తనాళాల పెరుగుదల ఒక్క అడుగులో జరిగే పని కాదు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ లాంటి సంకేతం అందగానే ఎండోథీలియల్ కణాలు (రక్తనాళం లోపలి గోడ కణాలు) మేల్కొంటాయి, చుట్టూ ఉన్న ఆధార పొరను కరిగించుకుంటాయి, కదులుతాయి, విభజన చెందుతాయి, గొట్టంగా అల్లుకుంటాయి, చివరికి బయట పెరిసైట్లు అనే ఆధార కణాలు వచ్చి ఆ గొట్టాన్ని నిలబెడతాయి. ఒక మొక్క సారంలో పదుల కొద్దీ రసాయనాలు ఉంటాయి. వాటిలో ఒకటి కదలికను పెంచుతూ, ఇంకొకటి విభజనను ఆపుతూ ఉండటం మామూలే.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ జిన్సెంగ్. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ వేరులోని ఆర్‌జీ1 అనే జిన్సెనోసైడ్ రక్తనాళాల పెరుగుదలను ప్రోత్సహిస్తుందని, ఆర్‌బీ1 అడ్డుకుంటుందని తేలింది. రెండింటి నిష్పత్తి మారితే సారం ప్రభావమే తిరగబడింది. అంటే ఒకే మొక్క నుంచి తీసిన రెండు సారాలు, తీసిన పద్ధతి వేరైతే, ఎదురెదురు ఫలితాలు ఇవ్వగలవు. కాబట్టి మొక్క పేరు చెప్పి "ఇది ఆపుతుంది" అనేస్తే సగం సంగతే చెప్పినట్టు. ఏ ద్రావకంతో తీసిన ఏ సారం, ఎంత మోతాదులో అన్నది కలిపితేనే ఆ వాక్యానికి అర్థం వస్తుంది.

ఇక మోతాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు తక్కువ మోతాదులో రక్తనాళాల పెరుగుదలను పెంచుతాయని, ఎక్కువ మోతాదులో తగ్గిస్తాయని 2002లో చూపించారు. శుద్ధమైన ఒకే అణువు విషయంలోనే ఇలా ఉంటే, కలగాపులగంగా ఉండే సారం గురించి చెప్పేదేముంది? క్యామ్ మీద పెట్టిన 200 మైక్రోగ్రాముల బిళ్ల కింద అసలు గాఢత ఎంతో ఎవరికీ తెలియదు. సారం బిళ్ల నుంచి ఎంత వేగంగా బయటికి వస్తోంది, పొర మీద ఎంత దూరం పాకుతోంది అన్నదాన్ని బట్టి అది మారుతుంది. బిళ్లకు సరిగ్గా కింద, మొదటి గంటల్లో, కణాలకు మీరిచ్చిన మోతాదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అందుకే మీ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టు నాకు కనిపించడం లేదు. ఒకే వక్రరేఖ మీద రెండు దూరపు బిందువులను చూసి ఉంటారు, మధ్యలో ఏముందో ఇంకా చూడలేదు.

కణాల్లో 1, 3, 10, 30, 100 మైక్రోగ్రాములు/మిల్లీలీటరు అని వరుస వేయండి. క్యామ్‌లో కూడా ఒక్క బిళ్లతో ఆగకుండా కనీసం మూడు మోతాదులు పెట్టండి. 100 దాటాక కనిపించే ప్రభావాన్ని నేను పెద్దగా పట్టించుకోను. అంత గాఢతలో దాదాపు ఏ మొక్క సారమైనా కణాన్ని ఏదో ఒకటి చేస్తుంది.

చంపడం వేరు, ఆపడం వేరు

ఈ రంగంలో వచ్చే పేపర్లను సమీక్షించేటప్పుడు నేను మొదట వెతికేది ఇదే. ఎండోథీలియల్ కణాలు చచ్చిపోతే ట్యూబులు రావు, క్యామ్‌లో నాళాలు ఉండవు. దాన్ని చూసి సారం రక్తనాళాలను ఆపుతోంది అనడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టి, ఎలుకలు పోయాయని చెప్పడమే. రక్తనాళాలను ఆపే గుణం ఉందని చెప్పాలంటే కణాలు బతికే ఉండి, గొట్టంగా అల్లుకోవడం మానేశాయని చూపాలి.

దీనికి అందరూ చేసేది ఎంటీటీ పరీక్ష. మూలికల సారాలతో ఎంటీటీ చాలా మోసం చేస్తుంది. పసుపు రంగు ఎంటీటీని ఊదారంగు ఫార్మజాన్‌గా మార్చాల్సింది బతికున్న కణాల్లోని ఎంజైములు. మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలు ఎక్కువగా ఉన్న సారం ఆ పని కణాల అవసరం లేకుండానే చేసేస్తుంది. అప్పుడు చచ్చిన కణాలున్న బావిలో (ప్లేటులోని చిన్న గుంటలో) కూడా "120 శాతం బతికే ఉన్నాయి" అని రీడింగ్ వస్తుంది. మా దగ్గరికి వచ్చే సారాల్లో, ముఖ్యంగా ముదురు రంగు ఆకులు, బెరడుల సారాల్లో, ఇది తరచూ చూస్తుంటాం. పరిష్కారం తేలికే. కణాలు లేని బావుల్లో మీడియం, సారం, ఎంటీటీ మాత్రమే వేసి రంగు వస్తుందేమో చూడండి. వస్తే ఆ సారానికి ఎంటీటీ పనికిరాదు. రంగు వేయడానికి ముందు సారాన్ని కడిగేస్తే కొంత మేలు, కానీ కణాల లోపలికి వెళ్లినది కడిగినా పోదు. ఎల్‌డీహెచ్ విడుదల, ట్రిపాన్ బ్లూ లెక్క, డీఎన్ఏ ఆధారిత రంగులు లాంటి, వేరే సూత్రం మీద నడిచే పరీక్ష ఒకటి తోడు పెట్టండి.

ఇంకో సంగతి. ఎండోథీలియల్ కణాలతో పాటు ఫైబ్రోబ్లాస్టుల (కణజాలానికి ఆధారమిచ్చే మామూలు కణాల) మీద కూడా అదే మోతాదులు నడపండి. రెండు రకాల కణాలూ ఒకే మోతాదు దగ్గర చచ్చిపోతుంటే మీ దగ్గర ఉన్నది విషం, రక్తనాళాల మీద ప్రత్యేకంగా పనిచేసే మందు కాదు. హువెక్ కణాల పెరుగుదల మాత్రమే తగ్గి ఫైబ్రోబ్లాస్టులు మామూలుగా ఉంటే, అప్పుడు ఉత్సాహపడొచ్చు.

సారం తెచ్చే చిక్కులు

మీ ప్రశ్నలో అసలు విషయం ఇక్కడే ఉందని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ల్యాబులో శుద్ధ రసాయనాలకు అలవాటైన వాళ్లు మూలికల సారాన్ని కూడా అలాగే చూస్తారు. అది అలా ప్రవర్తించదు.

*ఎండోటాక్సిన్.* మొక్క మట్టిలో పెరుగుతుంది, గాలిలో ఎండుతుంది. దాని మీద బాక్టీరియా ఉంటాయి, అవి చచ్చినా వాటి గోడల్లోని లైపోపాలీశాకరైడ్ మిగులుతుంది, ఎండోటాక్సిన్ అంటే అదే. 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాన్ని ఆపదు. ఆటోక్లేవ్ దాన్ని నాశనం చేయదు. గాజుసామాను మీద అది పోవాలంటే 250 డిగ్రీల పొడి వేడి అరగంట కావాలి, సారానికి ఆ వేడి పెట్టలేం. ఎండోథీలియల్ కణాలు ఎండోటాక్సిన్‌కు చాలా తేలిగ్గా స్పందిస్తాయి. అది నేరుగా రక్తనాళాల మొలకలను పుట్టించగలదని 2003లోనే చూపించారు. మీ ట్యూబులు తక్కువ మోతాదులో పెరగడానికి కారణం ఇదే అయినా నేను ఆశ్చర్యపోను.

మా ల్యాబులో ఒక వేరు సారం ట్యూబులను చక్కగా పెంచుతోందని చాలా సంబరంగా ఉండేది. ఎండోటాక్సిన్‌ను పట్టేసే పాలీమిక్సిన్ బీ కలిపి మళ్లీ చేస్తే ఆ పెరుగుదల దాదాపు మొత్తం మాయమైంది. అప్పటి నుంచి ఎండోటాక్సిన్ లెక్క చూడకుండా ఏ సారాన్నీ కణాల గదిలోకి రానివ్వడం లేదు.

ఎండోటాక్సిన్‌ను కొలవడానికి ఎల్ఏఎల్ పరీక్ష వాడతారు. కానీ మొక్కల్లోని బీటా గ్లూకాన్లు కూడా ఎల్ఏఎల్‌ను ప్రేరేపించి, లేని ఎండోటాక్సిన్‌ను ఉన్నట్టు చూపగలవు. బీటా గ్లూకాన్ అడ్డుకునే బఫర్‌తో గానీ, రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సీ కిట్‌తో గానీ చేయండి. సారం పరీక్షనే అణిచేస్తోందేమో చూడటానికి, తెలిసిన మొత్తంలో ఎండోటాక్సిన్ కలిపిన నమూనా కూడా ఒకటి పెట్టండి.

*టానిన్లు.* ఇవి ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. మీడియంలో ఉన్న వీఈజీఎఫ్, సీరం, మ్యాట్రిజెల్ పైపొర అన్నీ ప్రోటీన్లే. టానిన్ ఎక్కువున్న సారం వేస్తే ట్యూబులు రాకపోవడానికి కారణం కణంలో జరిగిన సంకేత మార్పు కానక్కర్లేదు, తోలు పదును చేసే రసాయన చర్యే కావచ్చు. క్యామ్ మీద అయితే పొర ముడుచుకుపోయి, తెల్లబడి, నాళాలు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. మీ ఫొటోల్లో బిళ్ల చుట్టూ పొర తెల్లగా, ముడతలుగా ఉందేమో ఒకసారి మళ్లీ చూడండి. పాలీవినైల్ పాలీపైరోలిడోన్‌తో టానిన్లను తీసేసి, తీసిన సారాన్నీ తీయని సారాన్నీ పక్కపక్కన నడిపితే సంగతి తేలుతుంది.

*హైడ్రోజన్ పెరాక్సైడ్.* గ్రీన్ టీలోని ఈజీసీజీ, గాలిక్ ఆసిడ్ లాంటివి కల్చర్ మీడియంలో వాటంతట అవే ఆక్సీకరణం చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. కణాల మీద మనం చూసే ప్రభావంలో కొంత ఆ పెరాక్సైడ్‌ది అవుతుంది. శరీరంలో ఇది ఇలా జరగదు. కెటలేజ్ ఎంజైము కలిపి మళ్లీ చేస్తే ప్రభావం పోతుందా, ఉంటుందా చూడండి. మీడియంలో పైరువేట్ ఉందా లేదా అన్నది కూడా రాసిపెట్టుకోండి, అది పెరాక్సైడ్‌ను మింగేస్తుంది. పైరువేట్ ఉన్న మీడియంలో ఒక ల్యాబుకు రాని ఫలితం, లేని మీడియంలో ఇంకో ల్యాబుకు రావడానికి ఇది చాలు.

*ఇనుము.* చాలా పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయి. కణంలో ఇనుము అందకపోతే, ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హిఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోతుంది, కణం తనకు ఆక్సిజన్ తగ్గిందనుకుని వీఈజీఎఫ్ తయారుచేస్తుంది. ఇనుమును పట్టేసే డెఫెరాక్సమిన్ మందు ఇచ్చినా ఇదే జరుగుతుంది. కాబట్టి సారం వల్ల వీఈజీఎఫ్ పెరిగిందని ఎలైసాలో (ప్రోటీన్‌ను కొలిచే పరీక్షలో) కనిపిస్తే, ఇనుము కలిపి ఒకసారి చేయండి.

*నిలకడ, రంగు.* పసుపులోని కర్క్యుమిన్ సీరం లేని మీడియంలో, 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.2లో అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. 10 శాతం సీరం ఉంటే సగం పోవడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. అంటే పద్దెనిమిది గంటల పరీక్షలో మీరు కొలుస్తున్నది కర్క్యుమిన్‌నా, దాని ముక్కలనా? పైగా అది తానే ఆకుపచ్చగా మెరుస్తుంది కాబట్టి, ఆకుపచ్చగా మెరిసే రంగులతో చేసే ఏ కొలతైనా అనుమానమే. బెర్బెరిన్‌కు కూడా సొంత మెరుపు ఉంది. మీ సారానికి అలాంటి మెరుపు ఉందేమో కణాలు లేకుండా మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం ఐదు నిమిషాల పని.

ద్రావకం గురించి ఒక్క మాట. డీఎంఎస్ఓ తుది గాఢత 0.1 శాతం దాటకుండా చూసుకోండి, అన్ని బావుల్లోనూ సమానంగా ఉంచండి. సారంలో ఇథనాల్ మిగలకుండా ఆవిరి చేసి, ఫ్రీజ్ డ్రై చేసి, తూకం వేసిన పొడినే వాడండి. ఫిల్టర్ చేశాక గాఢత తగ్గిపోవచ్చు, ఎంత తగ్గిందో హెచ్‌పీఎల్‌సీలో (రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతిలో) చూడండి.

కణాలు నిజంగా ఎండోథీలియల్ కణాలేనా?

ట్యూబు పరీక్ష మీద అందరికీ ఉండే మోజు నాకూ అర్థమవుతుంది. సాయంత్రం వేస్తే పొద్దున్నకు ఫొటో వస్తుంది. కానీ మ్యాట్రిజెల్ మీద వల అల్లడం ఎండోథీలియల్ కణాలకే ప్రత్యేకమైన విద్య కాదు. ఫైబ్రోబ్లాస్టులు, కొన్ని క్యాన్సర్ కణాలు కూడా అలాంటి వలలు అల్లుతాయి. ఈసీవీ304 అనే కణాల వరుసను ఏళ్ల తరబడి బొడ్డుతాడు ఎండోథీలియల్ కణాలని నమ్మి ఎన్నో ల్యాబులు వాడాయి. డీఎన్ఏ వేలిముద్ర తీస్తే అవి టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాలని తేలింది. ఎవరైనా ఫ్రీజర్‌లోంచి తీసి ఆ వయల్ ఇస్తే తీసుకోకండి. ఈఏ.హెచ్‌వై926 కూడా హువెక్ కణాలను ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలతో కలిపి చేసిన సంకరమే. తొలి జల్లెడకు పనికొస్తుంది, చివరి మాటకు పనికిరాదు.

హువెక్ కణాలైతే రెండు నుంచి ఆరు పాసేజీల (కణాలను కొత్త పాత్రలోకి మార్చే విడతల) లోపే వాడండి. ఎండోథీలియల్ కణాల గుర్తులైన సీడీ31, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ ఉన్నాయని రంగు వేసి నిర్ధారించుకోండి. కనీసం ముగ్గురు వేర్వేరు దాతల కణాలతో చేయండి. ఒక దాత కణాలు వీఈజీఎఫ్‌కు ఎగిరి గంతేస్తే, మరొకరివి కదలనే కదలవు.

మ్యాట్రిజెల్ చేతిలో కొంచెం గారాబం కోరుతుంది. ముందు రోజు రాత్రి నాలుగు డిగ్రీల దగ్గర మంచులో పెట్టి కరిగించండి, ముందే చల్లబరిచిన టిప్స్ వాడండి, బుడగలు రానివ్వకండి. 96 బావుల ప్లేటులో బావికి 50 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల దగ్గర అరగంట గట్టిపడనిచ్చి, 10 నుంచి 20 వేల కణాలు వేస్తాం. నాలుగు గంటల నుంచే చూడటం మొదలుపెట్టండి. రాత్రంతా వదిలేస్తే కంట్రోల్‌లో కూడా వలలు వాటంతట అవే తెగిపోతాయి, అప్పుడు అన్ని బావులూ ఒకేలా కనిపిస్తాయి. పెంచే గుణం వెతుకుతుంటే గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన మ్యాట్రిజెల్ తప్పనిసరి. మామూలు దాంట్లో కణాలు ముందే గరిష్ఠంగా అల్లేస్తాయి, ఇక పెరగడానికి చోటుండదు. ఒక ప్రయోగం మొత్తానికి ఒకే బ్యాచ్ మ్యాట్రిజెల్ ఉండాలి. ఇది ఎలుక కణితి నుంచి తీసే సహజ పదార్థం కాబట్టి బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఉంటుంది.

గీత గీసి గాయం పూడటం చూసే స్క్రాచ్ పరీక్ష కూడా తోడుగా పెట్టొచ్చు. అయితే మైటోమైసిన్ సీ ఇచ్చి విభజన ఆపకపోతే, ఖాళీ పూడింది కదలిక వల్లో, కణాల సంఖ్య పెరగడం వల్లో చెప్పలేరు.

మీ క్యామ్ పరీక్ష గురించి

క్యామ్ మంచి పరీక్ష. జీవమున్న నాళాలు, రక్తప్రవాహం, తక్కువ ఖర్చు, కంటికి కనిపించే ఫలితం. కానీ ఇది చాలా తేలిగ్గా అలిగే పొర. పెంకు కోసినప్పుడు పడే సన్నని పొడి, కాగితపు బిళ్ల అంచు, ద్రావణం ఉప్పదనం, పీహెచ్ తేడా, వీటిలో ఏదైనా మంట పుట్టించి నాళాలను తెప్పిస్తుంది. అందుకే ఏమీ లేని ఖాళీ బిళ్ల, ద్రావకం మాత్రమే ఉన్న బిళ్ల రెండూ వేర్వేరు కంట్రోళ్లుగా ఉండాలి. కాగితం బదులు మిథైల్ సెల్యులోజ్ బిళ్ల గానీ, సన్నని సిలికోన్ ఉంగరం గానీ వాడితే మంట బాగా తగ్గుతుంది.

మేం మూడో రోజున మొన వైపు నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీస్తాం. దానితో పిండం, నాళాలు పెంకు నుంచి కిందికి జారి కిటికీ కోయడం సురక్షితమవుతుంది. ఎనిమిదో రోజున సారం, పదో రోజున ఫొటో. ఈ వయసు ముఖ్యం. దాదాపు పదో రోజు దాకా ఆ పొరలో ఎండోథీలియల్ కణాలు వాటంతట అవే చాలా వేగంగా విభజన చెందుతాయి, తర్వాత ఆ వేగం పడిపోతుంది. ఒక గుడ్డు ఒక రోజు వెనకబడి ఉన్నా అది సారం ప్రభావంలా కనిపిస్తుంది. అన్ని గుడ్లనూ ఒకేసారి పొదగడానికి పెట్టి, గ్రూపులుగా లాటరీ పద్ధతిలో పంచండి.

నాళాలు "తగ్గడం"లో ఇంకో మాయ ఉంది. సారంలో నాళాలను బిగించే పదార్థం ఉంటే సన్ననివి రక్తం లేక కంటికి కనిపించవు. అవి అక్కడే ఉంటాయి. సారం పెట్టిన గంటకు, ఆరు గంటలకు కూడా ఫొటోలు తీయండి. గంటలోనే నాళాలు మాయమైతే అది బిగుతే, పెరుగుదల ఆగడం కాదు. చివర్లో బిళ్ల కింది పొరను కత్తిరించి, కణజాల ముక్కలు కోసి మైక్రోస్కోపులో లెక్కపెడితే అనుమానం తీరుతుంది.

చచ్చిన పిండాల సంగతి దాచకండి. గ్రూపుకు ఆరు గుడ్లు అన్నారు, ఎన్ని చివరిదాకా బతికాయో చెప్పలేదు. సారం గ్రూపులో ఎక్కువ చచ్చాయంటే అదే ఒక ఫలితం. అన్నట్టు, ఆరు నాకు తక్కువే అనిపిస్తోంది. మధ్యలో పోయేవి పోగా పది, పన్నెండు మిగిలేలా మొదలుపెట్టండి.

పోల్చడానికి తెలిసిన మందు ఉండాలి

ఆపేదానికి సురామిన్ గానీ, సునిటినిబ్ గానీ, పెంచేదానికి వీఈజీఎఫ్ లేదా బేసిక్ ఎఫ్‌జీఎఫ్ గానీ ప్రతిసారీ పక్కన నడవాలి. తెలిసిన మందే పనిచేయని రోజున సారం పనిచేయలేదని చెప్పడానికి వీల్లేదు. థాలిడోమైడ్‌ను కంట్రోల్‌గా పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దానికి రక్తనాళాలను ఆపే గుణం ఉందని 1994లో కుందేలు కంటి పొరలో చూపారు. కానీ దాని ప్రభావం జంతుజాతిని బట్టి, శరీరంలో అది ఏయే రూపాలుగా మారుతుందన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. ఒక పరీక్షలో అది పనిచేయకపోతే మీ చేతిదే తప్పు అనుకోనక్కర్లేదు. మొక్కల సారాలకూ ఇదే వర్తిస్తుంది. కాలేయంలో మారాక పనిచేసేవి హువెక్ ప్లేటులో ఏమీ చూపవు.

తర్వాతి మెట్టుకు రెండు దారులున్నాయి. ఎలుక బృహద్ధమనిని మిల్లీమీటరు ఉంగరాలుగా కోసి కొల్లాజెన్‌లో పెట్టే పరీక్షలో పెరిసైట్లు, ఫైబ్రోబ్లాస్టులు కూడా ఉంటాయి కాబట్టి అసలు కణజాలానికి బాగా దగ్గర, ఒక వారం పైన పడుతుంది. రక్తనాళాలు పచ్చగా మెరిసే జీబ్రాఫిష్ పిల్లలు ఉంటే ఇంకా మంచిది. బతికున్న చేపలో, రెండు రోజుల్లో, వెన్ను పక్కన పెరిగే నాళాలను నేరుగా చూడొచ్చు. చేప మొత్తంగా చిన్నదై, గుండె నెమ్మదించి ఉంటే నాళాలు తక్కువ ఉండటాన్ని సారం గొప్పతనంగా రాయకండి, అది ఎదుగుదలే ఆగడం. జంతువులతో ఏది చేసినా మీ సంస్థ నైతిక కమిటీని ముందే అడగండి. పిండాల విషయంలో ఏ రోజు దాకా అనుమతి అక్కర్లేదన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

లెక్కపెట్టేది ఎవరు, ఎన్ని?

ఫొటోల పేర్లు కోడ్‌లుగా మార్చి, ఏ గ్రూపుదో తెలియని వ్యక్తి లెక్కపెట్టాలి. ఇమేజ్‌జేలో యాంజియోజెనిసిస్ అనలైజర్ అనే ఉచిత సాధనం ఉంది, మొత్తం పొడవు, కొమ్మలు చీలే చోట్లు, వలలోని గళ్లు ఇస్తుంది. ఏ కొలతను ముఖ్యమైనదిగా తీసుకుంటారో ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోండి. ఇరవై కొలతలు తీసి అందులో బాగున్నది చూపడం ఈ రంగానికి చాలా చెరుపు చేసింది. ఇంకోటి, ఒక గుడ్డులో నలభై నాళాలు లెక్కపెడితే ఎన్ = 40 కాదు. ఎన్ అంటే గుడ్ల సంఖ్య. కణాల్లో అయితే బావుల సంఖ్య కాదు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు దాతల కణాలతో చేసిన ప్రయోగాల సంఖ్య.

మొక్క గుర్తింపు మీకు తెలిసే ఉంటుంది. హెర్బేరియంలో నమూనా, దాని నంబరు, ఏ భాగం, ఏ రుతువులో కోశారు, సారానికి హెచ్‌పీఎల్‌సీ వేలిముద్ర, గుర్తుగా ఒకటి రెండు రసాయనాల మొత్తం. ఇవి లేకపోతే రేపు మీరే రెండో బ్యాచ్ తీసి మొదటి ఫలితం తెచ్చుకోలేరు.

ఇది చదివే రోగులకు, వారి కుటుంబాలకు

ఇలాంటి పోస్టులు క్యాన్సర్ అని వెతికే వాళ్లకు కూడా కనిపిస్తాయి కాబట్టి రాస్తున్నాను. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలన్న ఆలోచనను జూడా ఫోక్‌మన్ 1971లో ముందుకు తెచ్చారు. దాని నుంచి 2004లో అమెరికాలో అనుమతి పొందిన, రక్తనాళాల పెరుగుదలను ఆపే బెవాసిజుమాబ్ మందు దాకా మూడు దశాబ్దాలు పట్టింది. మధ్యలో షార్క్ చేప మృదులాస్థి కథ ఉంది. ల్యాబులో అది రక్తనాళాలను ఆపింది, జనం విపరీతంగా కొన్నారు. దాని నుంచి తీసిన సారాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు పెద్ద పరీక్షలో ఇస్తే ఆయుష్షు పెరగలేదని 2010లో ప్రచురించారు. గుడ్డు పొర మీద పనిచేసింది మనిషిలో పనిచేయాలంటే అది పేగు దాటాలి, కాలేయం దాటాలి, రక్తంలో చాలినంత గాఢతలో నిలవాలి.

నిజంగా పనిచేసినా జాగ్రత్త అవసరమే. రక్తనాళాల పెరుగుదలను ఆపే మందులు గాయం మానడాన్ని కూడా ఆలస్యం చేస్తాయి. బెవాసిజుమాబ్‌ను శస్త్రచికిత్స తర్వాత కనీసం 28 రోజులు, గాయం పూర్తిగా మానేదాకా ఇవ్వరు. మూలికలు వాడుతుంటే ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

మళ్లీ మీ థీసిస్‌కు వస్తే

నేనైతే ఈ వరుసలో చేస్తాను. ముందు ఎండోటాక్సిన్, టానిన్ చూస్తాను, ఇవి వారంలో అయిపోతాయి. తర్వాత హువెక్, ఫైబ్రోబ్లాస్టుల మీద రెండు రకాల బతుకు పరీక్షలు. కణాలు 90 శాతానికి పైగా బతికుండే మోతాదుల్లోనే ట్యూబు, కదలిక పరీక్షలు. ఆపై మూడు మోతాదుల క్యామ్. తక్కువ మోతాదులో పెరుగుదల, ఎక్కువ మోతాదులో తగ్గుదల రెండూ ఈ జల్లెడలన్నీ దాటి నిలబడితే, అప్పుడు సారాన్ని ద్రావకాలతో భాగాలుగా విడగొట్టండి. పెంచేది ఒక భాగంలోనూ ఆపేది ఇంకో భాగంలోనూ దొరికితే, మీరు మొదట రాయాలనుకున్న వాక్యం కన్నా అది చాలా విలువైన థీసిస్ అవుతుంది.

ప్రస్తుతానికి గైడ్‌కు ఇవ్వాల్సిన నివేదికలో ఇలా రాయొచ్చు: "ఈ మొక్క ఆకుల ఇథనాల్ సారం, బిళ్లకు 200 మైక్రోగ్రాముల మోతాదులో, కోడిపిండం పొర మీద కనిపించే రక్తనాళాల సంఖ్యను తగ్గించింది. ఇది పెరుగుదల ఆగడం వల్లో, విషప్రభావం వల్లో, నాళాలు బిగుసుకోవడం వల్లో ఇంకా తేల్చాలి." ఇందులో ప్రతి మాటకూ మీ దగ్గర ఆధారం ఉంది.

టానిన్ తీసిన సారంతో క్యామ్ మళ్లీ చేస్తే, తీయని సారం ఫొటో కూడా పక్కనే పెట్టి ఇక్కడ పోస్ట్ చేయండి. చూసి చెప్తాను.